ఓడకు పనికిరాని చెట్టు

విశాఖపట్నం మల్కాపురంలో దేనికీ పనికిరాని వస్తువు కనబడాలంటే కాస్త వెతుక్కోవాలి. ఒక పక్క ఓడలు కట్టే యార్డు, ఇంకో పక్క చమురు శుద్ధి కర్మాగారం, ఆవల ఎరువుల ఫ్యాక్టరీ, మధ్యలో నేవీ గోడలు. తుప్పు పట్టిన ఇనుప ముక్కకు కూడా తూకమూ, కిలోకింతని ధరా ఉంటాయి. మనుషులకూ అంతే. వెల్డరు, ఫిట్టరు, రిగ్గరు, ఖలాసీ. ఊరూ పేరూ అయ్యాక అడిగే మూడో ప్రశ్న, ఎక్కడ పని అనే.

ఈ నేల మాత్రం మొదట్లో ఎవరి లెక్కల్లోనూ లేదు. మేఘాద్రి గెడ్డ సముద్రంలో కలిసే చోట అదంతా ఉప్పునీటి చిత్తడి. ఆ బురదను తవ్వి లోపలి రేవు చేశాక 1933 అక్టోబరు 7న ‘జలదుర్గ’ అనే ఓడ వచ్చి నిలిచింది. డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్‌డన్ ప్రభువు రేవును లాంఛనంగా ప్రారంభించాడు. 1941 జూన్ 21న వాల్‌చంద్ హీరాచంద్ గారి సింధియా కంపెనీ నౌకా నిర్మాణ కేంద్రానికి బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. 1948 మార్చి 14న ‘జల ఉష’ను నెహ్రూ నీళ్ళలోకి వదిలారు. 1957లో కాల్టెక్స్ రిఫైనరీ, 1967లో కోరమాండల్ ఎరువులు వచ్చాయి. యార్డు చేతులు మారి పేరు హిందుస్థాన్ అయినా, అక్కడి కూడలి పేరు ఇప్పటికీ సింధియానే. ముప్పై నాలుగేళ్ళలో చిత్తడి కాస్తా దేశానికి ఆస్తి అయిపోయింది.

అలాంటి చోట కూర్చుని చదివితే చైనా తాత్వికుడు చువాంగ్‌త్సు చెప్పిన వడ్రంగి కథ మరోలా వినిపిస్తుంది. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దం మనిషి ఆయన. లావోత్సు తర్వాత తావో మార్గానికి రెండో పెద్ద పేరు. ఆయన కథలో షి అనే వడ్రంగి మేస్త్రి శిష్యులను వెంటబెట్టుకుని వెళ్తుంటాడు. దారిలో గ్రామదేవత గుడి దగ్గర ఓ మహావృక్షం. వేల పశువులకు నీడ పట్టేంత చెట్టు. తిరునాళ్ళకు వచ్చినట్టు జనం వచ్చి చూస్తుంటే మేస్త్రి మాత్రం తలెత్తకుండా నడిచిపోతాడు. శిష్యుడు ఆగలేక అడిగితే విసుక్కుంటాడు. ఆ కర్రతో ఓడ చేస్తే మునుగుతుంది, శవపేటిక చేస్తే కుళ్ళుతుంది, తలుపు చేస్తే జిగురు కారుతుంది, స్తంభం చేస్తే పురుగు పడుతుంది, అందుకే అది అంతకాలం బతికిందంటాడు. ఆ రాత్రి చెట్టు కలలోకి వచ్చి మేస్త్రినే నిలదీస్తుంది. కాయలు కాసే చెట్ల గతి చూశావా, కొమ్మలు విరిచేస్తారు, నిలువునా దోచుకుంటారు. ఎవరికీ అక్కరకు రాకుండా ఉండటం నేర్చుకోవడానికి నాకు ఇన్నేళ్ళు పట్టింది, ఆ విద్యే నన్ను కాపాడింది అంటుంది.

మేస్త్రి చెప్పిన లోపాల్లో ఓడే మొదటిది. షిప్‌యార్డు గేటు ముందు ఈ కథ చెబితే వినేవాళ్ళు మేస్త్రి పక్షమే వహిస్తారు. వహించాలి కూడా. మునిగే కర్రతో ఓడ కట్టేవాణ్ణి ఎవరూ మెచ్చుకోరు.

చువాంగ్‌త్సుకు ఈ సంగతి తెలుసు. ఆయనా ఉద్యోగస్థుడే. లక్క చెట్ల తోటకు చిన్న అధికారిగా పనిచేశాడని చరిత్రకారుడు సిమా చియెన్ రాశాడు. లక్క చెట్టుకు గాటు పెడితే పాలు కారతాయి, ఆ పాలే సరుకు. పనికొచ్చే చెట్టుకు ఎన్ని గాట్లు పడతాయో రోజూ చూసిన మనిషి అన్నమాట. ఆయన పేరిట ఉన్న గ్రంథంలో లక్క చెట్టు పనికొస్తుంది గనకే దానికి గాట్లు పడతాయన్న మాట ఉంది. చూ రాజ్యం రాజు మంత్రి పదవి ఇస్తానని దూతలను పంపితే, గుడిలో పట్టుబట్టల మధ్య పూజలందుకునే చచ్చిన తాబేలుగా ఉండటం కన్నా బురదలో తోక ఈడ్చుకుంటూ బతికే తాబేలుగా ఉండటమే నయమని వాళ్ళను సాగనంపాడట.

ఆయనకు హుయిత్సు అనే తార్కిక మిత్రుడున్నాడు. రాజుగారిచ్చిన విత్తనం నాటితే హుయిత్సుకు బ్రహ్మాండమైన ఆనపకాయ కాసింది. నీళ్ళు నింపితే మోయలేదు, చీల్చితే గరిటెకు రాదు. కోపం వచ్చి పగలగొట్టేశాడు. చువాంగ్‌త్సు నవ్వాడు. దాన్ని నడుముకు కట్టుకుని నదుల్లోనూ సరస్సుల్లోనూ తేలిపోవాలన్న ఆలోచన రాలేదేమిటి నీకు అన్నాడు. ఎండిన ఆనపబుర్ర కట్టుకుని చెరువులో ఈత నేర్చుకున్న తరానికి ఈ జవాబు విడమరిచి చెప్పక్కర్లేదు. షిప్‌యార్డులో జరిగేదీ అదే. ఇనుము మునుగుతుంది. దాని కడుపులో ఉంచిన ఖాళీ ఓడను తేలుస్తుంది.

ఈ ఆలోచన విశాఖకు పండితుల దారిలోనూ వచ్చింది. 1931 నుంచి 1936 వరకు ఆంధ్ర విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేసిన సర్వేపల్లి రాధాకృష్ణన్ 1944 మే నెలలో చైనా వెళ్ళి ఉపన్యాసాలిచ్చారు. అదే ఏడాది ‘ఇండియా అండ్ చైనా’గా వచ్చిన ఆ ఉపన్యాసాల్లో తావో మతం మీద ఓ అధ్యాయం ఉంది. వాల్తేరులో తత్వశాస్త్ర ఆచార్యుడిగా ఉన్న కొత్త సచ్చిదానందమూర్తి 1976లో ‘ఫార్ ఈస్టర్న్ ఫిలాసఫీస్’ ప్రచురించారు. సరిగ్గా ఆ ఏడాదే కాకినాడలోని మరో తత్వశాస్త్ర అధ్యాపకుడి పుస్తకం కూడా అచ్చయింది. అందులో చైనా ఊసు లేదు, సిద్ధాంతం ఊసు అసలే లేదు. అది కవిత్వం. పేరు ‘మృత్యువృక్షం’. కవి ఇస్మాయిల్.

1928లో నెల్లూరు జిల్లాలో పుట్టిన ఇస్మాయిల్ కాకినాడ పి.ఆర్. కళాశాలలో తత్వశాస్త్రం చెప్పారు, అక్కడే ప్రిన్సిపాల్ కూడా అయ్యారు. మొదటి సంపుటి వచ్చేసరికి వయసు నలభై ఎనిమిది. ఆ తర్వాత ‘చిలకలు వాలిన చెట్టు’, 1982లో ‘చెట్టు నా ఆదర్శం’. వరసగా మూడు పుస్తకాల అట్టల మీద చెట్టే. తత్వం పాఠం చెప్పి జీతం తీసుకున్న మనిషి, కవిత్వంలోకి తత్వాన్ని పాఠంలా రానివ్వలేదు. ఆయన మీద తావో కవి అన్న ముద్ర వేయనక్కర్లేదు. కాని చువాంగ్‌త్సు కథలోని చెట్టుకు తెలుగులో దగ్గరి చుట్టాన్ని వెతికితే మొదట దొరికేది ఇస్మాయిల్ చెట్టే.

ఆ చెట్టు ఎలాంటి కాలంలో మొలిచిందో చూడాలి. 1970 ఫిబ్రవరిలో విశాఖపట్నంలో శ్రీశ్రీ షష్టిపూర్తి సభలు జరిగాయి. రచయితలు ఏ పక్షమో తేల్చుకోవాలని విశాఖ విద్యార్థుల పేరిట కరపత్రం పంచారు. ఆ వేడి చల్లారకముందే, జూలై 4న హైదరాబాదులో విప్లవ రచయితల సంఘం ఏర్పడింది. ఆ పదేళ్ళూ తెలుగు పద్యానికి ఉద్యోగం ఖాయమైంది. ప్రజలకు పనికిరాని కవిత్వం ఎందుకని నిగ్గదీసి అడిగే రోజులవి. ఆ ప్రశ్న వెనుక నిజమైన ఆకలీ నిజమైన చావులూ ఉన్నాయి కాబట్టి దాన్ని తేలిగ్గా కొట్టిపారేయడం కుదరదు. ఇస్మాయిల్ నినాదాన్ని ఒప్పుకోలేదు, వాగాడంబరాన్ని అంతకన్నా ఒప్పుకోలేదు. ‘కవిత్వంలో నిశ్శబ్దం’ అని ఒక వ్యాస సంపుటికి, ‘కరుణ ముఖ్యం’ అని మరోదానికి పేరు పెట్టారు. కవిత్వానికి ఆయన ఏ డ్యూటీ వేయదలచుకోలేదో, దాన్నుంచి ఏమి ఆశించారో ఆ రెండు పేర్లలోనే తెలిసిపోతుంది. విమర్శకులు ఆయన్ని అనుభూతి కవి అన్నారు. కొందరికి అది మెప్పు, కొందరికి తిట్టు.

1997లో ఆయన హైకూల పుస్తకం ‘కప్పల నిశ్శబ్దం’ వచ్చింది. ఆ పేరు వింటే జపాను కవి బషో 1686లో చెరువులోకి దూకించిన కప్ప గుర్తుకు రాక మానదు. అక్కడినుంచి దారి నేరుగా చువాంగ్‌త్సు దగ్గరికే పోతుంది. 1680 చలికాలంలో బషో ఎడో అనే నగరం రద్దీ వదిలి సుమిద నది అవతల ఫుకగావాలో గుడిసె వేసుకున్నాడు. మరుసటి వసంతంలో ఒక శిష్యుడు గుడిసె ముందు అరటి మొక్క నాటాడు. జపాను చలికి ఆ అరటి పండు ఇవ్వదు. దూలానికీ పనికిరాదు. గాలికి ఆకులు చీలికలవుతాయి. పండు ఇవ్వని ఆ అరటి పేరునే, జపాను భాషలో ‘బషో’ని, ఆయన తన కలం పేరుగా పెట్టుకున్నాడు. 1692లో కొత్త గుడిసె దగ్గరికి అరటిని మార్చినప్పుడు, గొడ్డలి తగలని కొండ చెట్టును తలచుకుంటూ, పనికిరానిది కాబట్టే దీని మీద ఇష్టమని వచనం రాశాడు. చువాంగ్‌త్సు గ్రంథం ఆయనకు జీవితాంతం దగ్గరి పుస్తకం. చైనా మేస్త్రి వదిలేసిన చెట్టు, జపాను అరటిగా మారి, హైకూ మీదుగా కాకినాడ చేరింది. అంతా సముద్రపు దారే.

పనికిరానితనాన్ని ఇంతగా పొగిడితే మల్కాపురంలో ఎవరైనా అడ్డుపడాలి. కాంట్రాక్టు కూలీని రేపటినుంచి రావద్దంటే అతను చెట్టులా నీడనిస్తూ నిలబడలేడు. మింది దగ్గర 1977లో మొదలైన హిందుస్థాన్ జింక్ స్మెల్టరు 2012లో మూతపడింది. ఆ గేటు బయట నిలబడిన వాళ్ళకు నిరుపయోగం గొప్పదనం గురించి ఉపన్యసించడం క్రూరత్వం.

ఈ అడ్డుప్రశ్న కూడా చువాంగ్‌త్సు గ్రంథంలోనే ఉంది. కొండ మీద పనికిరాని చెట్టు నరకబడకుండా మిగలడం చూసి, ఆ సాయంత్రం ఆయన శిష్యులతో ఒక మిత్రుడి ఇంటికి వెళ్తాడు. భోజనానికి బాతును కోయాలి. ఇంట్లో రెండున్నాయి, ఒకటి అరుస్తుంది, ఒకటి అరవదు. అరవలేని దాన్ని కోయమంటాడు ఇంటి యజమాని. మర్నాడు శిష్యులు గురువును పట్టుకుంటారు. చెట్టు పనికిరాక బతికింది, బాతు పనికిరాక చచ్చింది, మీరెక్కడ నిలబడతారని. ఆయన నవ్వి, రెంటికీ నడుమ నిలబడతానంటాడు, వెంటనే అదీ పూర్తిగా సరైన జవాబు కాదంటాడు.

అందుకే ఈ దారికి దగ్గరగా నడిచిన సృజనకారుల్లో సోమరులు కనబడరు. లక్క తోట అధికారికి లెక్కలున్నాయి. ప్రిన్సిపాల్ ఇస్మాయిల్‌కు కాలేజీ ఉంది. అమెరికా నవలాకారిణి అర్సులా లెగ్విన్ (1929–2018) ముగ్గురు పిల్లల తల్లి. పోర్ట్‌లాండ్‌లో ఇల్లు నడుపుకుంటూ రాసింది. ఆమె తండ్రి, మానవశాస్త్రవేత్త ఆల్‌ఫ్రెడ్ క్రోబర్, 1898లో పాల్ కారస్ అచ్చువేసిన లావోత్సు ప్రతిని దగ్గర ఉంచుకుని చదివేవాడు. తన అంత్యక్రియల్లో చదవాల్సిన అధ్యాయాలకు గుర్తులు పెట్టుకున్నాడు. చిన్నప్పుడే చేతికందిన ఆ పుస్తకాన్ని ఆమె వదల్లేదు. యవ్వనంలో మొదలుపెట్టిన తన ఆంగ్ల పాఠాన్ని 1997లో గాని బయటపెట్టలేదు.

ఈలోగా ఆమె నవలలు ఆ తావో మాటనే చెబుతూ వచ్చాయి. 1968లో మొదలైన ‘ఎర్త్‌సీ’ నవలల్లో మాంత్రికుడు ఎంత పెద్దవాడైతే మంత్రం అంత తక్కువగా వేస్తాడు. ఒక దీవిలో కురిపించిన వాన మరో దీవిలో కరవు కావచ్చు మరి. 1971 నాటి ‘ద లేత్ ఆఫ్ హెవెన్’లో జార్జ్ ఓర్ అనే మామూలు మనిషి కల కంటే లోకమే మారిపోతుంది. అతనికి వైద్యం చేసే డాక్టరు హేబర్ చెడ్డవాడేం కాదు. ఇంత శక్తిని వృథాగా పోనివ్వడం నచ్చని మనిషి, అంతే. ఆ కలలను లోకకల్యాణానికి వాడబోతాడు. జనం ఎక్కువయ్యారంటే మహమ్మారి వచ్చి కోట్లమంది పోతారు. వర్ణభేదం పోవాలంటే మనుషులందరూ బూడిదరంగు తేలతారు. కలకు ఉద్యోగం ఇచ్చిన ప్రతిసారీ ఒక ఉపద్రవం. లోకాన్ని కాపాడేది చివరికి ఏమీ కోరుకోని ఓరే.

పనికొచ్చేదేది, పనికిరానిదేది అన్న లెక్క విశాఖలో కూడా ఒకసారి తారుమారయింది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను తీరం దాటి నగరంలోని చెట్లను కూల్చేసింది. ఏ కంపెనీ ఆస్తుల పట్టికలోనూ లేని నీడ ఎంత విలువైందో మరుసటి ఎండాకాలంలో బస్టాపుల్లో తెలిసింది. మొక్కలు నాటడం ఉద్యమమైంది. కర్మాగారాలకు ఎలాగూ పర్యావరణ అనుమతుల్లో సుమారు మూడోవంతు స్థలం పచ్చదనానికి వదలాలన్న షరతు అప్పట్లో మామూలుగా ఉండేది. అలా కర్మాగారాల చుట్టూ చెట్టుకు డ్యూటీ పడింది. దుమ్ము పట్టాలి, చప్పుడు ఆపాలి, తనిఖీకి వచ్చినవాళ్ళకు పచ్చగా కనబడాలి. నాటినవెన్ని, బతికినవెన్ని అని రిజిస్టర్లు వచ్చాయి.

ఆ ఉద్యోగానికి తెలుగు పట్టణాలు ఏరికోరి తెచ్చుకున్న చెట్టు కోనోకార్పస్. త్వరగా పెరుగుతుంది, నీళ్ళు తక్కువైనా తట్టుకుంటుంది, కత్తిరిస్తే చెప్పినట్టు వింటుంది. డివైడర్ల మీద వరసలు వరసలుగా నాటారు. కొన్నేళ్ళకు పుప్పొడితో అలర్జీలనీ, వేళ్ళు పైపుల్లోకి దూరుతున్నాయనీ ఫిర్యాదులొచ్చాయి. తెలంగాణలో హరితహారం అనే మొక్కల కార్యక్రమంలో నాటడం మానేశారు, చాలాచోట్ల నరకడమూ మొదలైంది. చువాంగ్‌త్సు శిష్యులకు ఇది మూడో ఉదాహరణ. చెట్టు పనికిరాక బతికింది, బాతు పనికిరాక చచ్చింది, ఈ కోనోకార్పస్ మాత్రం ఇచ్చిన పనంతా చేసి కూడా గొడ్డలికి దొరికింది. గురువుగారు ఈసారి ఎక్కడ నిలబడేవారో శిష్యులే అడగాలి.