చందాల గడువు ముగిసిన పిమ్మట

తాడ్వాయి పల్లెల్లో అరుగుల మీద గీతలు గీసి, చింతగింజలతో అష్టాచమ్మా ఆడిన మనకు ఆట అమ్ముడుపోయే వస్తువని తోచదు. కాని పోషకుల మీద ఆధారపడిన ఆటలూ ఉండేవి. నిర్మల్ చిత్రకారులు చేతితో రంగులద్దిన గంజీఫా ముక్కలు ఒకనాడు సంపన్నుల వినోదం. చవకైన అచ్చుముక్కలు వచ్చి ఆ పోషకులు తొలగగానే ఆటా, ఆ పనీ సన్నగిల్లాయి.

నేడు పోషకుని స్థానంలో ప్రజలు నిలుస్తున్నారు. 2015లో 'ఎక్స్‌ప్లోడింగ్ కిట్టెన్స్' అనే అమెరికా ముక్కల ఆటకు కిక్‌స్టార్టర్ ద్వారా 30 రోజులలో 2,19,382 మంది ముందుగానే సొమ్మిచ్చారు. దాదాపు 88 లక్షల డాలర్లు సమకూడాయి. తరువాత ఆ ఆట అంగళ్లకెక్కి నిలదొక్కుకున్నది.

నా దృష్టిలో అసలు పరీక్ష ఈ రెండవ ఘట్టమే. చందాదారుని సొమ్ము అమానతు. అతని పెట్టె అతనికి చేరకముందే అంగడిలో అమ్మడం న్యాయం కాదు. అటుపై అంగడివాని వాటా, రవాణా ఖర్చు కలిపినా ధర గిట్టుబాటు కావాలి. లేనిచో రెండవ ముద్రణకు పైకం మిగలదు. అన్నిటికీ మించి ఆటను నేర్పేవారుండాలి. ఏ పోషకుడూ లేకున్నా అష్టాచమ్మా బ్రతికింది, అవ్వలు మనుమరాండ్రకు నేర్పినందువల్లనే.

విద్యార్థులారా, రేపు మీలో ఎవరైనా ఒక ఆటను రూపొందిస్తే, చందాలిచ్చినవారిని లెక్కించి ఊరుకోక, దానిని పొరుగువారికి నేర్పగలవారు ఎందరో కూడా లెక్కించండి.