గడప తొక్కినందుకు 89 డాలర్లు

టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్న ఒక కోదాడ ఆయన వారం రోజులుగా ఒకే కాగితం పట్టుకుని తిరుగుతున్నాడు. వంటింటి కుళాయి బాగుచేసిన ప్లంబరు ఇచ్చిన బిల్లు అది. అందులో మొదటి పద్దు, ఇంటికి వచ్చినందుకు 89 డాలర్లు. పనికి పట్టే డబ్బు వేరే.

“మీ తమ్ముడు పండక్కి వచ్చినా గడప దగ్గర ఇంత చేతిలో పెట్టలేదు” అన్నాడు భార్యతో.

“సంతకం పెట్టింది మీరేగా” అందావిడ.

సంతకం నిజమే. ప్లంబరు రెంచి తీయకముందే ట్యాబు తెరిచి, ఈ పనికి ఇంత అని చూపించాడు. పది నిమిషాల్లో అయినా, గంటన్నర పట్టినా అదే రేటు. లైసెన్సు, బీమా, వ్యాను, ఆఫీసులో ఫోనెత్తే మనిషి జీతం అన్నీ అందులోనే కలిసి ఉంటాయి. టెక్సస్‌లో రాష్ట్ర ప్లంబింగ్ బోర్డు పరీక్ష గట్టెక్కనిదే ఆ లైసెన్సు రాదు. ఈ పద్ధతి బాగుందని ఆయనే ఒప్పుకుంటాడు. ఒప్పుకుని, మళ్లీ 89 దగ్గరికే వస్తాడు.

కోదాడలో ఇల్లు కట్టించినప్పుడు వచ్చినందుకు ఎవరడిగారు? మేస్త్రీ చదరపు అడుగుకింత అని కూలీ గుత్త మాట్లాడుకున్నాడు, సిమెంటు, ఇసుక ఇంటివాళ్లవి. కరెంటు పనికి పాయింట్ల లెక్క. లైటుకొకటి, ఫ్యానుకొకటి, ఏసీ లైనుకు వేరే రేటు. పెయింటరుతో మాత్రం రెండు సాయంత్రాలు పేచీ. గోడ కొలిచేటప్పుడు కిటికీ ఖాళీ తీసెయ్యాలని ఈయన, అంచులకు పట్టే పని ఎవరిస్తారని అతను. కానీ అందరూ వచ్చారు, చూశారు, టీ తాగి పోయారు. పైసా అడగలేదు!

రాసిచ్చే అలవాటు అమెరికావాళ్లే కనిపెట్టారా అనీ ఆయన వాదన. అక్కను ఇచ్చిన మిర్యాలగూడలో రైసుమిల్లు హమాలీకి బస్తా లెక్క. సూర్యాపేట మార్కెట్ యార్డులో ధాన్యం అమ్మితే ఇచ్చే తక్‌పట్టీ చీటీ మీద హమాలీ ఎంత, తూకం వేసే దడ్వాయికి ఎంత అన్నది దేనికది రాసి ఉంటుంది.

ఇక్కడ ఆయన దాటేసే సంగతి ఒకటుంది. ఇల్లు ‘అమెరికా సారుది’ అని తెలిసిన మర్నాటి నుంచి కరెంటు పాయింటు రేటు పెరిగింది. పక్కింటి రేటు మామగారు ఆరా తీస్తేగానీ బయటపడలేదు. ఆ పెంపు ఏ కాగితం మీదా లేదు.

బోరు గుర్తొచ్చాక వాదన ఇంకా బలహీనపడింది. సాగర్ ఎడమ కాలువ మిర్యాలగూడ, కోదాడ వైపు పొలాలు తడుపుతున్న రోజుల్లో, సూర్యాపేట పక్క పల్లెలో వాళ్ల మెట్టకు బోరే దిక్కు. తమిళనాడు తిరుచెంగోడు నుంచి వచ్చిన రిగ్గు లారీ రాత్రంతా మోగింది. లెక్క అడుగుకింత. లోతుకు పోయేకొద్దీ అడుగు రేటు పెరుగుతుంది, కేసింగు పైపు అదనం. రాడ్డు ఇరవై అడుగులు. రాడ్డు దిగినప్పుడల్లా నాయిన పశువుల కొట్టం గోడ మీద బొగ్గుతో గీత గీశాడు. తెల్లారేసరికి గోడ మీద ఇరవై ఒక్క గీతలు, రిగ్గు వాళ్ల పుస్తకంలో ఇరవై రెండు రాడ్లు. బావి చుట్టూ తెల్లటి పిండి తప్ప తడి లేదు. ఒక్క రాడ్డు కోసం పొద్దెక్కేదాకా తగువు నడిచింది. నీళ్లు పడలేదు కదా, తగ్గించమని మాత్రం నాయిన ఒక్క మాట అడగలేదు. దిగిన అడుగుకే బేరం.

మొన్న ఆదివారం వీడియో కాల్‌లో ఆ బిల్లంతా నాయినకు చదివి వినిపించాడు, 89 దగ్గర గొంతు పెంచి మరీ. పెద్దాయన ఓపిగ్గా విన్నాడు.

“ఇంతకూ నీళ్లు పడ్డయా?”

“పడుడు కాదు నాయినా. ఆపేందుకు పిలిచినం.”

“నీళ్లు ఆపేందుకా?” అన్నాడాయన, ఫోను చెవికి ఇంకాస్త దగ్గరగా పెట్టుకుని.