రెండింటికి నవ్వించేవాడు

కామెడీ స్కిట్లు రాసేవాణ్ణని తెలియగానే జనం నన్ను రెండే రెండు అడుగుతారు. మొదటిది, "ఏదీ, ఒక జోకు చెప్పండి." రెండోది, "రాత్రిళ్లు మీవాళ్లంతా ఏ పబ్బులో ఉంటారండీ?" మొదటిదానికి డబ్బులడుగుతాను. రెండోదానికి నిజం చెబితే ఎవరూ నమ్మరు.

పబ్బు నాకు పడదు. మందు గొడవ కాదండోయ్, అక్కడ చెవి పనిచెయ్యదు. పక్కవాడు ఏమన్నాడో వినపడని చోట జోకెలా పుడుతుంది? నవ్వుకి కావలసింది ఒక మాట, మాట తర్వాత కాస్త ఖాళీ. జూబ్లీహిల్స్‌లో ఆ ఖాళీని కూడా డ్రమ్ములతో నింపేస్తారు.

అసలు సంగతి ఇంకొకటుంది. పొద్దున్నుంచీ రాత్రిదాకా నేనుండేది నవ్వు తయారయ్యే చోట. ఎదురుగా కూర్చునేవాళ్లలో చాలామంది రోజుకింత అని మాట్లాడుకుని వచ్చినవాళ్లు. ఫ్లోర్‌లో చెయ్యెత్తితే నవ్వుతారు, ఇంకోసారి ఎత్తితే చప్పట్లు కొడతారు. చాలకపోతే ఎడిటింగ్‌లో అతికిస్తారు. పాపం వాళ్లదేం తప్పులేదు. అదే జోకు మూడో టేకులో వింటే కన్నతల్లి కూడా నవ్వదు. 2013లో ఈటీవీలో 'జబర్దస్త్' మొదలయ్యాక కృష్ణానగర్, యూసుఫ్‌గూడ గదుల్లో ఎందరికి అన్నం దొరికిందో నాకు తెలుసు (నేను చేసేది వేరే షో లెండి). అన్నం పెట్టేదాన్ని తిట్టను. కాకపోతే మిఠాయి కొట్టువాడు ఇంటికెళ్లి కారప్పూస తిన్నట్టు, ప్యాకప్ అయ్యాక కూలివ్వని నవ్వు కోసం ఊరంతా తిరుగుతాను.

హైదరాబాద్‌లో అది దొరికే చోట్లు తక్కువే. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో నాటిక ఉంటే వెళ్తాను. ముందు వరుసలో సన్మానాలకొచ్చిన పెద్దలుంటారు, వాళ్లు నవ్వరు. వెనక వరుసలో కూర్చోవాలి. బంజారాహిల్స్‌లో లామకాన్ ఉంది. రాతి ఆవరణ, చాయ్, సమోసా, ఓపెన్ మైక్. పేరిచ్చిన కుర్రాడికి నాలుగైదు నిమిషాలిస్తారు. టైమైపోతోందంటే వెనకనుంచి ఫోన్ లైటు చూపిస్తారు. ఎదురున్నవాళ్లు నవ్వకపోతే ఆ లైటు కోసం వాడే ఎదురుచూస్తాడు. ఆ నిశ్శబ్దంలో కూర్చోవడం నాకిష్టం. అక్కడ ఒక్కడు నవ్వినా నిజంగా నవ్వాడని లెక్క.

మాది ద్రాక్షారామం. భీమేశ్వరుడి ఊరికీ నైట్ లైఫ్‌కీ ఏంటి సంబంధమంటారా? శ్రీనాథుణ్ణి అడగండి. మా క్షేత్రం మీద భీమఖండం రాసిన మహాకవి స్వామితోపాటు ఊళ్లోని నాట్యకత్తెల్నీ వదల్లేదు. మా చిన్నప్పుడు శివరాత్రి జాగరణంటే సప్తగోదావరి గుండంలో స్నానం, దర్శనం, ఆ తర్వాత తెల్లవార్లూ నాటకాలు. హరిశ్చంద్రలో కాటిసీను దాకా మేలుకొని ఉండాలంటే మధ్యలో నక్షత్రకుడే దిక్కు. అప్పు వసూలుకొచ్చి వెంటపడేవాణ్ణి చూసి ముందు నవ్వేది ఎవరో తెలుసా? ఊళ్లో అప్పులున్నవాళ్లు.

తోలుబొమ్మలాటలో కేతిగాడు, బంగారక్క చేసే పని కూడా ఇదే. రాత్రి రెండింటికి జనం కళ్లు మూతలు పడతాయి. పద్యం లేపలేదు. అప్పుడొస్తాడు హాస్యగాడు. కాకినాడ యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లోంచి వచ్చిన రేలంగి గారు సినిమాలో ఒక్క చూపుతో హాలుని లేపడం వెనక అలాంటి రాత్రిళ్ల సాధన ఉందని నా నమ్మకం.

మా మేనమామ ఆ రెండింటి ఉద్యోగి. 'చింతామణి'లో సుబ్బిశెట్టి వేషం. కాళ్లకూరి నారాయణరావు గారు వేశ్యావ్యసనం మీద రాసిన సంస్కరణ నాటకమది. ఆయన రాసినదానికీ, పల్లెటూరి స్టేజీ మీద సుబ్బిశెట్టి అనేదానికీ చాలా దూరం. బూతు చేర్చారు, అది నిజం. ఒక కులంవాళ్లని అదేపనిగా వెటకారం చేశారు, అదీ నిజం. ఆర్యవైశ్యులు బాధపడ్డారంటే ఊరికే పడలేదు. వాళ్ల పిల్లల్ని బళ్లో ఆ పేరుతో ఏడిపించడం నేనే చూశాను. 2022 జనవరిలో రాష్ట్ర ప్రభుత్వం నాటకం మొత్తాన్ని నిషేధించింది. బూతు ఆపితే సరిపోయేది, పుస్తకమేం చేసింది అనేది నా అభిప్రాయం. విషయం కోర్టుదాకా వెళ్లింది. మామయ్య మాత్రం కోర్టుకి వెళ్లలేదు, కంటి ఆపరేషన్‌కి హైదరాబాద్ వచ్చాడు.

కట్టు విప్పాక లామకాన్‌కి తీసుకెళ్లాను. సాఫ్ట్‌వేర్ కుర్రాడొకడు తన మేనేజర్ మీద, పెళ్లిచూపుల మీద సగం ఇంగ్లీషులో చెబుతున్నాడు. బాగానే నవ్వారు. మామయ్య నవ్వలేదు, కుర్రాణ్ణి కాదు జనాన్నే చూస్తున్నాడు.

"ఎలా ఉంది మామయ్యా?"

"కుర్రోడు మంచోడేరా. ఎవర్నీ అన్లేదు, తన్ని తానే అనుకున్నాడు. మేమూ అలా నేర్చుకోవాల్సింది." కాసేపాగి, "కానీ టైమెంతయ్యిందీ?"

"తొమ్మిది."

"తొమ్మిదింటికి ఎవడైనా నవ్వుతాడు. రెండింటికి ఎక్కించు, తెలుత్తాది."

అంతకన్నా గట్టి రివ్యూ నేను ఎక్కడా చదవలేదు. మా స్కిట్లకైతే మరీ. మావి ఏ టైముకైనా నవ్వే జనం కదా.

ఆ రాత్రి ఇంటికెళ్లలేదు. తెల్లవారుజామున నాంపల్లి వైపు రామ్ కీ బండీకి వెళ్లాం. వెన్న దోసె, చుట్టూ నైట్ షిఫ్టు వాళ్లు, నిద్రకళ్లతో ఆటోవాళ్లు. అంతా ఫోన్లలో తలలు పెట్టుకుని ఉన్నారు. మామయ్య దోసె ముక్క పట్టుకుని పెనంవైపు తిరిగి, పాత స్టేజీ గొంతుతో, "ఏవండోయ్, ఇది దోసా, వెన్నకి వేసిన బ్యాండేజీయా?" అన్నాడు. దోసెవాడికి తెలుగు ఎంతవరకు వచ్చో గానీ ఆ సాగదీతకి ముందు నవ్వింది వాడే. తర్వాత పక్కనున్న ఆటో డ్రైవరు. ఆ తర్వాత ఇంకో నలుగురు. ఎవర్నీ అన్లేదు, దోసెని తప్ప.

ఆయనకి అప్పటికి ఐదు నెలలుగా నాటకం లేదు. నవ్వు ఆగేదాకా చెయ్యి అలాగే గాల్లో పెట్టి నించున్నాడు, ఆగాక గానీ ముక్క నోట్లో పెట్టుకోలేదు. ఆ ఖాళీ ఎంతసేపు ఉంచాలో ఏ స్క్రిప్టులోనూ నేను రాయలేను.

మర్నాడు గౌతమి ఎక్స్‌ప్రెస్ ఎక్కించాను. ఇప్పటికీ ఫోన్ చేస్తుంటాడు. నా షో సంగతి ఒక్కసారి కూడా అడగలేదు. "ఏరా అల్లుడూ, ఆ కళ్లజోడు కుర్రోణ్ణి రెండింటికి ఎక్కించారా?" అంటాడు. లేదు మామయ్యా అంటే, "ఆయ్, ఎక్కించరులే" అని పెట్టేస్తాడు.