దాచిన చీర, కట్టిన చీర

"పట్టుచీర మీద పెట్టిన డబ్బు ఎక్కడికీ పోదే. బంగారం కొన్నట్టే. కట్టి నలిపెయ్యకుండా దాచుకో."

2010లో నా పెళ్లిబట్టలు తీసేటప్పుడు మా పెద్దమ్మ చెప్పిన మాట ఇది. ఆవిడ మాటంటే అమ్మకు వేదం. చీటీ పాడిన డబ్బులోంచి 22,000 తీసి, బెంగళూరు చిక్‌పేటలో ఒక దుకాణంలో జానెడు జరీ అంచున్న పట్టుచీర కొంది. నా చెయ్యి మాత్రం అంతకుముందు చూసిన మైసూర్ సిల్కు దగ్గరే ఆగిపోయింది. గుప్పిట్లో పట్టుకుంటే నీళ్లలా జారిపోయే చీర అది. "బరువు లేని చీరకు అంత డబ్బా?" అని పెద్దమ్మ కొట్టిపారేసింది. ఇన్నేళ్లయినా ఆ మాట నా మనసులో ముల్లులా గుచ్చుకుంటూనే ఉంది.

పెళ్లిచీర మా బీరువాలో పద్నాలుగేళ్లు ఉంది. కట్టింది నాలుగే నాలుగుసార్లు, అవీ పెళ్లిళ్లు, గృహప్రవేశాలే. 2024 చివర్లో విప్పితే మడత పడిన చోటల్లా చివికిపోయింది. వేలితో నిమిరితే పోగులు విడిపోయాయి. జరీ నల్లబడింది. కలరా ఉండల వాసన ఎన్ని రోజులు ఆరబెట్టినా వదల్లేదు. పాత పట్టుచీరలు కొనే ఒకాయన దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన అంచులోంచి నాలుగు పోగులు లాగి, గీటురాయి మీద రుద్ది, పైన ఒక చుక్క ద్రావకం వేసి చూశాడు. "రాగి మీద వెండి పూతమ్మా, టెస్టెడ్ జరీ" అన్నాడు. 800 ఇస్తానన్నాడు.

ఇక లెక్కలోకి వద్దాం. చీర 22,000. ఫాల్, పీకో, కుచ్చులు, జాకెట్టు కుట్టుకూలి కలిపి 1,500. మొత్తం 23,500. నాలుగుసార్లకు పంచితే కట్టిన ప్రతిసారీ 5,875 రూపాయలు. అమ్మగా వచ్చే 800 తీసేసినా 5,675. అదే 22,000 ఏడున్నర శాతం చక్రవడ్డీతో బ్యాంకులో వేసి ఉంటే పద్నాలుగేళ్లకు సుమారు 60,500 అయ్యేది. పెద్దమ్మ బంగారంతో పోల్చింది కాబట్టి ఆ లెక్కా చూద్దాం. ఆ రోజుల్లో పది గ్రాములు ఇరవై వేల చిల్లర. 2024 చివరికి 75,000 దాటింది. ఆ డబ్బుకు పది గ్రాముల బిళ్ల కొని పక్కన పడేసినా అప్పటికి ముప్పాతిక లక్ష చేతిలో ఉండేది. బంగారంతో సమానమన్న చీరకు పలికిన ధర ఎనిమిది వందలు.

మైసూర్ సిల్కు కోరిక నేను వదులుకోలేదు. 2013లో దీపావళి బోనస్ రాగానే కేఎస్‌ఐసీ (కర్ణాటక సిల్క్ ఇండస్ట్రీస్ కార్పొరేషన్) షోరూముకు వెళ్లి, సన్న అంచున్న క్రేప్ చీర 9,000 పెట్టి కొన్నాను. ఆ చీరలు నేసే మిల్లు మైసూరులో 1912లో నాల్వడి కృష్ణరాజ ఒడెయరు హయాంలో మొదలైంది. 1980లో కేఎస్‌ఐసీ చేతికి వచ్చింది. మెలి తిప్పిన పట్టుదారంతో నేస్తారు కాబట్టే ఆ చీర ఒంటిని అలా హత్తుకుంటుంది. జరీలో 65 శాతం వెండి, 0.65 శాతం బంగారం ఉంటాయని సంస్థే చెబుతుంది.

ఆ చీర నెలకోసారైనా కట్టాను. ఆఫీసుకు, మల్లేశ్వరం గుడికి, బంధువుల ఇళ్లకు. పదేళ్లలో తక్కువలో తక్కువ 120 సార్లు. కొన్న ధర 9,000, ఫాల్, జాకెట్టుకు 800, ఏటా రెండుసార్లు డ్రైక్లీనింగుకు 250 చొప్పున పదేళ్లకు 5,000. మొత్తం 14,800. కట్టిన ప్రతిసారీ 123 రూపాయలు. చీర ఇప్పటికీ గట్టిగానే ఉంది, ఆ అంకె ఇంకా తగ్గుతుంది.

చిత్రకళా పరిషత్తు చేనేత మేళాలో కొన్న మంగళగిరి నూలుచీర లెక్క ఇంకా బాగుంటుంది. ధర 1,600, జాకెట్టుకు 400. వారానికోసారి చొప్పున మూడేళ్లలో 150 సార్లు కట్టాను. ఇస్త్రీ బండికి ప్రతిసారీ 15 చొప్పున 2,250. మొత్తం 4,250, అంటే పూటకు 28 రూపాయలు. ఆషాఢం తగ్గింపులో 700కు వచ్చిన సింథటిక్ చీర ఫాల్‌తో కలిపి 850. చెమటకు ఒంటికి అంటుకుంటుంటే మూడుసార్లకు మించి కట్టలేం. పూటకు 283. ఏది చవకో చెప్పండి.

ఈ లెక్కలో కింద ఉండే అంకె, అంటే ఎన్నిసార్లు కడతాం అన్నది, ఏ దుకాణం చీటీ మీదా ఉండదు. కొనేటప్పుడు దాన్ని చెప్పగలిగింది చెయ్యి ఒక్కటే. అందుకే ఇప్పుడు చీర విప్పమని అడుగుతాను. దీపాల కింద కాదు, గుమ్మం దగ్గర పగటి వెలుతురులో రంగు చూస్తాను. కొంగు గుప్పిట్లో నలిపి వదులుతాను. భుజం మీద వేసుకుని నాలుగడుగులు నడుస్తాను. మెడ దగ్గర గరుకు తగిలితే ఎంత తగ్గించినా కొనను. పట్టయితే సిల్క్ మార్క్ చూస్తాను. బెంగళూరులోనే ఉన్న కేంద్ర పట్టు మండలి 2004లో తెచ్చిన గుర్తు అది. పట్టు అసలుదని చెబుతుంది, జరీ సంగతి చెప్పదు. అనుమానం ఉంటే కొంగు చివరి పోగొకటి కాల్చి చూడాలి. పట్టు కాలితే వెంట్రుకల వాసన వచ్చి బూడిద నలుగుతుంది. పాలిస్టరు కరిగి ఉండ కడుతుంది.

ఇంట్లోనూ చెయ్యి పెడుతూనే ఉండాలి. రెండు మూడు నెలలకోసారి పట్టుచీరలన్నీ బయటికి తీసి, నీడలో గాలికి వేసి, పాత మడత మీద కాకుండా వేరే చోట మడుస్తాను. ఉతికిన పాత నూలు పంచెలో చుట్టి పెడతాను. బెంగళూరు వానాకాలంలో గోడవైపు అరకు చెమ్మ పడుతుంది, ముందు వాసనే చెబుతుంది. నూలుచీరకు పలుచటి గంజి చాలు. ఇలా తాకుతూ ఉంటే ఇంట్లో ఏముందో గుర్తుంటుంది. గుర్తుంటే కొత్తది కొనాలన్న ఆరాటం తగ్గుతుంది.

పెద్దమ్మ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఇప్పుడు నాకు తెలుసు. ఆవిడ తరంలో ఆడవాళ్లకు తమదని చెప్పుకోవడానికి ఒంటి మీద బంగారం, పెట్టెలో పట్టుచీర తప్ప ఏమున్నాయి? అప్పటి జరీలో వెండి ఉండేది, అవసరానికి కరిగిస్తే నాలుగు డబ్బులు వచ్చేవి. పాస్‌బుక్కు లేనివాళ్లకు బీరువాయే బ్యాంకు. ఆవిడ కాలానికి ఆ సలహా చెల్లింది. నాకు మాత్రం చాలా ఖరీదైంది.

నా పేరు మీద ఖాతా ఉంది, ఫండు ఉంది, బంగారం బాండు ఉంది. దాచే పని వాటికి అప్పగించాను. చీరకు విలువ పెరిగేది ఒంటి మీదే. మా అమ్మ ఇంకా మంచి చీరలు కట్టకుండా "ఎందుకులే, ఉండనీ" అంటుంది. ఎవరి కోసం ఉండనివ్వాలి? సుఖాన్ని వాయిదా వేస్తే దానికి ఏ బ్యాంకూ వడ్డీ కట్టదు. అమ్మలకు, అత్తయ్యలకు, మీకు కూడా చెప్పేది ఒకటే. కొత్త చీరకు డబ్బు తీసే ముందు బీరువాలో ఉన్న మంచి చీర ఈ వారమే కట్టండి. మీ బట్టల బడ్జెట్లో మొదటి పొదుపు అదే.