జలుబు తగ్గింది, చెవి దిబ్బడ తగ్గలేదు

మందేసుకుంటే జలుబు వారంలో తగ్గుతుంది, వేసుకోకపోతే ఏడు రోజుల్లో తగ్గుతుంది అని ఓ పాత జోకు. ముక్కు వరకూ అది నిజమే. చెవి సంగతి వేరు!

ఆ మధ్య నాకు పట్టిన జలుబు వారంలో పోయింది కానీ ఎడమ చెవి ఐదు వారాలు దిబ్బడగానే ఉండిపోయింది. నొప్పి లేదు, జ్వరం లేదు. చెవిలో దూది కుక్కినట్టు ఉండేది. నా మాట నాకే బిందెలో తలపెట్టి మాట్లాడుతున్నట్టు వినిపించేది. డాక్టరు చూసి, కర్ణభేరి వెనక నీరు చేరిందన్నారు. ఇది పిల్లల జబ్బే అనుకుంటాం కానీ జలుబు తర్వాత పెద్దవాళ్ళకీ వస్తుంది.

జరిగేది ఇదీ. కర్ణభేరి వెనక ఓ చిన్న గాలి గది ఉంటుంది. దానికి గాలి అందేది ముక్కు వెనక్కి తెరుచుకునే యూస్టేషియన్ ట్యూబ్ ద్వారానే. పెద్దవాళ్ళలో అది సుమారు మూడున్నర సెంటీమీటర్లు. మామూలుగా మూసుకునే ఉండి, గుటక వేసినప్పుడో ఆవులించినప్పుడో క్షణం పాటు తెరుచుకుంటుంది. జలుబుకి దాని లోపలి పొర వాచిందంటే ఇక తెరుచుకోదు. ఉన్న గాలి మెల్లగా ఒంట్లోకి ఇంకిపోతుంది, కొత్త గాలి రాదు. లోపల పీడనం తగ్గి నీరు ఊరుతుంది. దాంతో భేరి సరిగ్గా కదలక వినికిడి 20, 30 డెసిబెల్స్ దాకా తగ్గొచ్చు. ఎదురుగా కూర్చున్నవాళ్ళతో నెట్టుకొచ్చేస్తాం. పదిమంది ఉన్న కాల్‌లో మెల్లగా మాట్లాడేవాళ్ళ మాటే అందదు.

ఇంట్లోవాళ్ళు గోరువెచ్చని నూనె పొయ్యమన్నారు. భేరికి చిల్లు లేకపోతే అది ఇవతలే ఆగిపోతుంది, నీరున్నది అవతల. మందుల షాపతను అడక్కుండానే యాంటీబయాటిక్ తీశాడు. వైరస్ జలుబు తర్వాత మిగిలిన నీటికి దాంతో పనేమిటి? చాలామందికి కొన్ని వారాల్లో, మహా అయితే మూడు నెలల్లో, నీరు దానంతటదే పోతుంది. ప్రతి టికెట్‌కీ క్లోజింగ్ డేట్ అడిగే మనకి "ఆగండి" అన్న మాట మందులా అనిపించదు. కానీ ఇక్కడ మందు అదే.

అలాగని దిబ్బడ పడ్డ ప్రతి చెవికీ ఆగమని నేను చెప్పను. ఈ టపా రాస్తున్నదే అందుకు. ఉన్నట్టుండి ఒక చెవి వినపడటం మానేస్తే అది నీరు కాకుండా నరం సమస్య కావచ్చు. పైకి రెండూ ఒకేలా అనిపిస్తాయి. నోరు మూసుకుని "మ్‌మ్‌మ్" అనండి. శబ్దం దిబ్బడ చెవి వైపే గట్టిగా వినిపిస్తే అడ్డు బయటో మధ్యలోనో ఉండొచ్చు. బాగున్న చెవి వైపు వినిపిస్తే నరాన్ని అనుమానించాలి. ఇది సూచన మాత్రమే, తేల్చేది వినికిడి పరీక్షే. నరం సమస్యకి స్టెరాయిడ్లు మొదటి రెండు వారాల్లోపే మొదలుపెట్టాలి, ఎంత త్వరగా అయితే అంత మంచిది. స్ప్రింట్ అయ్యాక చూపించుకుందాం అనుకునే రకం కాదది.

రెండోది, జలుబేమీ లేకుండా ఒక్క చెవిలోనే నీరు చేరినా, మూడు నెలలు దాటినా, ముక్కు వెనక భాగాన్ని ఎండోస్కోపుతో చూడమని అడగండి. అరుదే అయినా, అక్కడ పెరిగిన గడ్డ ట్యూబ్‌ని మూసెయ్యచ్చు.

కాబట్టి ఆగండి. కానీ ఈఎన్‌టీ డాక్టరు చెవిలోకి చూసి "ఆగొచ్చు" అన్నాకే ఆగండి. ఈలోపు కాల్‌లో "ఒక చెవి పనిచెయ్యట్లేదు, కాస్త గట్టిగా చెప్పండి" అనడానికి మొహమాటపడకండి.