పంట పోయిన ఏడు

మా హాస్టల్ మెస్సులో ఒక రాత్రి పెద్ద చర్చ లేచింది. రోడ్లు, రైళ్ళు, రేవులు కట్టడానికి ప్రభుత్వమూ ప్రయివేటు సంస్థలూ చేతులు కలపడం మన వంటి దేశానికి వరమా, శాపమా అని. సగంమంది వరమన్నారు, సగంమంది శాపమన్నారు. నేను మజ్జిగన్నం కలుపుకుంటూ మా నాన్నను తలచుకున్నాను. నవ్వకండి. ఈ విషయంలో నాకు తెలిసిన అర్థశాస్త్రమంతా ఆయన దగ్గర నేర్చుకున్నదే.

ఖమ్మం వైపు మా ఊళ్ళో గుడి మాన్యానికి కౌలు పాట పెడతారు. ఎవరు ఎక్కువ పాడితే పొలం వారిది. నా చిన్నప్పుడు ఒకసారి నాన్న పాడుకున్నాడు. కోతకొచ్చిన వరి వానకు నేలకొరిగి మొలకెత్తింది. కౌలు మాత్రం ఆగదు గదా! పాడిగేదెను అమ్మి కట్టాం. దాన్ని తోలుకుపోతుంటే అమ్మ చూడలేక లోపలికి వెళ్ళిపోయింది.

తరువాతి పాటలో ఇంకొకాయన దాదాపు రెట్టింపు పాడాడు. ఊరంతా భేషన్నారు. నాన్న మాత్రం, "ఎంతకు పాడిండన్నది కాదురా, పంట పోయిన ఏడు ఎట్ల కడతడో అడగాలె" అన్నాడు. అన్నట్టే ఆయన గడువు తీరకముందే చేతులెత్తేశాడు. పొలం ఒక ఏడాది బీడుపడింది.

హైదరాబాదు మెట్రో కథ తెలుసుకున్నప్పుడు నాకు ఆ పాటే కళ్ళముందు మెదిలింది. 2008లో టెండరు పిలిస్తే, ఇతరులు ప్రభుత్వాన్నే సాయమడిగారు. ఒక బృందం మాత్రం సాయం అక్కర్లేదు, తామే ప్రభుత్వానికి 30,311 కోట్లు ఇస్తామంది. అందరూ సంబరపడ్డారు. ఢిల్లీ మెట్రో కట్టిన శ్రీధరన్ గారొక్కరు, ఇంత పాట వెనుక భూముల మీద ఆశ ఉందేమోనని సందేహం వెలిబుచ్చారు. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. సత్యం అధిపతి కుటుంబ సంస్థే ముందుండి నడిపిన ఆ బృందం డబ్బు సమకూర్చలేకపోయింది. అదే ఏడు ఒప్పందం రద్దయింది.

2010లో ఎల్ అండ్ టీ సంస్థతో 35 ఏళ్ళకు మళ్ళీ ఒప్పందం కుదిరింది. ఈసారి కేంద్రం 1,458 కోట్ల సాయం మంజూరు చేసింది. 2017 నవంబరులో మియాపూరు నుంచి నాగోలు దాకా 30 కిలోమీటర్లు ఒక్కసారే ప్రారంభమైంది. 2020 ఫిబ్రవరికి మొత్తం 69 కిలోమీటర్లయింది. రెండు నెలలు తిరక్కుండానే కరోనా వచ్చి, సెప్టెంబరు దాకా రైళ్ళు ఆగిపోయాయి. రైలు ఆగింది గాని అప్పు మీద వడ్డీ ఆగుతుందా? చివరకు 2025 సెప్టెంబరులో, దాదాపు 13,000 కోట్ల అప్పుతో సహా మెట్రోను తీసుకోవడానికి రాష్ట్ర ప్రభుత్వం సూత్రప్రాయంగా ఒప్పుకుంది.

మెట్రో కట్టడం తప్పని నేననను. కట్టినవారు దొంగలనీ అనను. ఎండలో, ట్రాఫిక్‌లో నలిగిపోయే జనానికి అది మేలే చేసింది. ఖజానాలో అంత సొమ్ము లేనప్పుడు బయటి పెట్టుబడి తేవడమూ తప్పు కాదు. నా బాధ ఒక్కటే. లాభం వచ్చే ఏటి లెక్క అందరూ గొంతెత్తి చదువుతారు. పంట పోయిన ఏటి లెక్క ఏ మూలనో చిన్న అక్షరాల్లో ఉంటుంది. సంతకానికి ముందే దాన్ని పదిమందిలో చదివితే, వరమా శాపమా అని మనం కొట్లాడుకోనక్కర్లేదు.

మొన్న నాన్న పట్నం వస్తే మియాపూరులో రైలెక్కించాను. కిటికీలోంచి ఊరంతా చూసి మురిసిపోయి, "ఇది ఎవరిదిరా?" అన్నాడు. ఈ కథంతా చెప్పేసరికి అమీర్‌పేట వచ్చింది. నాన్న కాసేపు ఏమీ అనలేదు. తరువాత నెమ్మదిగా అన్నాడు:

"అయితే ఇగ మనదే అన్నమాట. అప్పుతోని సహా."