పాతికేళ్ళ సెలవులు, నాలుగేళ్ళ పిల్ల

"పిల్లలకు ఆ మాత్రం పెట్టలేవా తమ్ముడూ?" అన్నాడు మా తోడల్లుడు. నిజాంపేటలో వాళ్ళ గృహప్రవేశం రోజు, భోజనాల దగ్గర, మా మామగారు వింటుండగా. ఆయన దృష్టిలో 'ఆ మాత్రం' అంటే మూడు లక్షల ఇరవై వేలు. హాలిడే క్లబ్బు సభ్యత్వం. ఏడాదికి ఏడు రాత్రుల చొప్పున పాతికేళ్ళు, దేశంలో వాళ్ళ రిసార్టులు ఎక్కడుంటే అక్కడ. ఆయన అప్పటికే తీసుకున్నాడు, నేను వద్దన్నాను. అప్పటినుంచి అత్తారింట్లో నాకు పిసినారి అనే బిరుదు ఖాయమైంది. ఆ కసి ఇంకా తీరలేదు. ఈ వ్యాసం నిండా అది కనబడుతూనే ఉంటుంది, చదివేవాళ్ళు సర్దుకుపోవాలి.

మా ఫోన్ నంబరు ఆ క్లబ్బువాళ్ళకు ఇచ్చిందీ ఆయనే. ఒకరిని చేర్పిస్తే అదనంగా రెండు రాత్రులు ఇస్తారట. ఆ సంగతి చాన్నాళ్ళకు వదిన నోట జారింది.

భార్యాభర్తలిద్దరూ కలిసి వస్తేనే గిఫ్టు అన్నారు. వెళ్ళాం. మాల్ పై అంతస్తులో హాలు, గుండ్రటి బల్లలు, బల్లకొక టై కట్టుకున్న కుర్రాడు. ఎవరైనా సంతకం పెట్టగానే గంట మోగుతుంది, హాలంతా చప్పట్లు. మా పెద్దది గంట మోగినప్పుడల్లా తనూ చప్పట్లు కొట్టింది. చిన్నవాణ్ణి రెండు కుర్చీలు కలిపి పడుకోబెట్టాం, గంట మోగినప్పుడల్లా ఉలిక్కిపడ్డాడు. మా బల్ల కుర్రాడు తెల్లకాగితం నావైపు తిప్పిపెట్టి, నాకు చదవడానికి వీలుగా తను తలకిందులుగా అంకెలు వేశాడు. ఆ విద్య మాత్రం నిజంగా మెచ్చుకోవాలి. మంచి హోటల్లో గది రాత్రికి 8,000. ఏడు రాత్రులకు 56,000. పాతికేళ్ళకు 14,00,000. "మీరు కట్టేది 3,20,000 సార్. అంటే 10,80,000 మిగులు."

సరే, ఆ కాగితం ఇవ్వు, ఇంటికెళ్ళి చూసుకుంటాను అన్నాను. "ఇది ఆఫీసు కాపీ సార్" అని మడిచి ఫైల్లో పెట్టేశాడు. ధర కూడా ఆ రోజుకేనట. వాళ్ళ లెక్క వాళ్ళే దాచుకుంటున్నారంటే అందులో నేను చూడకూడనిది ఏదో ఉందన్నమాట. పిల్లల్ని ఎత్తుకుని మెట్రో ఎక్కి తార్నాకలో దిగిపోయాం. గిఫ్టు వోచరు ఇంకా ఇంట్లోనే ఉంది. దాని షరతులు గిఫ్టు కన్నా పొడుగు.

ఆ రాత్రి నా లెక్క నేను వేసుకున్నాను. ఆ 3,20,000 ఏడు శాతం వడ్డీకి ఎఫ్‌డీలో వేస్తే ఏడాదికి 22,400 వస్తుంది, అసలు అలాగే ఉంటుంది. క్లబ్బుకు కడితే పాతికేళ్ళకు అసలు కూడా హుళక్కే. కాబట్టి దాన్ని పాతికేళ్ళ ఈఎంఐలా చూడాలి. అదే ఏడు శాతం మీద ఏడాదికి 27,459 పడుతుంది. దీనికి వార్షిక మెయింటెనెన్స్ 14,000 కలపాలి, ఆ మాట కుర్రాడు చివర్లో గబగబా చెప్పాడు. మొత్తం 41,459. ఏడు రాత్రులకు పంచితే రాత్రికి 5,923. ఇది ఒట్టి గదికే. రైలు, కారు, తిండి వేరే. ఏ ఏడైనా నాలుగు రాత్రులే కుదిరితే రాత్రి ఖరీదు 10,365. అసలు వెళ్ళకపోయినా 41,459 పోతుంది. మెయింటెనెన్స్ ఏటా ఐదు శాతం పెరుగుతుందనుకుంటే పదో ఏడు 21,718, పాతికో ఏడు 45 వేలు దాటుతుంది. కుర్రాడి కాగితంలో పెరిగేది ఏదీ లేదు.

ఇలాంటి ఒప్పందం మీద సంతకం పెట్టి మనసు మార్చుకుంటే యూరప్‌లో 14 రోజుల్లోపు కారణం చెప్పకుండా వెనక్కి తీసుకోవచ్చు, 2008లో తెచ్చిన నిబంధన అది. మన దగ్గర టైమ్ షేరుకంటూ ప్రత్యేక చట్టం లేదు. వెనక్కి తీసుకునే గడువు ఒప్పందంలో రాసి ఉంటే ఉన్నట్టు, లేకపోతే 1915కి ఫోను చేసి వినియోగదారుల కమిషన్ మెట్లెక్కడమే. సెలవులకు డబ్బు దాచుకోవడానికి వేరే దారులు బోలెడున్నాయి. నాకు నెలకు మూడు వేల ఆర్డీ చాలు.

లెక్క పక్కన పెట్టినా, చంటిపిల్లలున్న ఇంటికి ఈ సరుకే పనికిరాదు. క్లబ్బు అమ్మేది ముందుగా కట్టిపడేసిన తారీఖులు. ఐదేళ్ళ లోపు పిల్లలుంటే ఇంట్లో తారీఖు అనేదే నిలవదు. ప్రయాణానికి రెండు రోజుల ముందు జ్వరం వస్తుంది, పక్కింటి పిల్లకు అమ్మవారు పోస్తుంది. మరోవైపు ఈ వయసులో ఒక గొప్ప లాభం ఉంది, దాన్ని వాడుకోవాలి: స్కూలు వీళ్ళనింకా కట్టెయ్యలేదు. నర్సరీ వారం మానేస్తే ఎవరూ అడగరు. సంక్రాంతి, దసరా, వేసవి సెలవుల్లో గది రేట్లు రెట్టింపవుతాయి, రైళ్ళలో వెయిటింగ్ లిస్టు చాంతాడంత. ఒకటో తరగతిలో వేశామా, జీవితాంతం ఆ గుంపులోనే వెళ్ళాలి. ఫిబ్రవరి మొదట్లో మంగళవారం బయల్దేరి శుక్రవారం తిరిగొచ్చే భాగ్యం ఈ రెండు మూడేళ్ళే.

టికెట్టు లెక్క కూడా ఈ వయసుకే అనుకూలం. రైల్లో ఐదేళ్ళలోపు పిల్లలకు విడిగా బెర్తు అడగకపోతే టికెట్టు లేదు. 2022 ఆగస్టులో ఏడాది పిల్లలకూ టికెట్టు తప్పనిసరి అని వార్త పాకితే రైల్వే శాఖే కాదని చెప్పింది, బెర్తు కావాలనుకున్నవాళ్ళే పూర్తి ఛార్జీ కట్టాలని. ఐదు నిండాయా, కథ మారుతుంది. పూర్వం ఐదు నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు సగం ఛార్జీతో బెర్తు ఇచ్చేవారు. 2016 ఏప్రిల్ 21 నుంచి సగం ఛార్జీకి బెర్తు లేదు, బెర్తు కావాలంటే పెద్దవాళ్ళ ఛార్జీయే. ఈ ఒక్క మార్పుతో ఏడేళ్ళలో రైల్వేకు 2,800 కోట్లకు పైగా అదనంగా వచ్చిందని సమాచార హక్కు దరఖాస్తుకు ఇచ్చిన జవాబులో తేలింది. విమానంలో ఆ గీత రెండేళ్ళ దగ్గరే ఉంది. రెండు నిండితే సీటు కొనాల్సిందే. నిండకపోయినా ఉచితమేమీ కాదు, ఒళ్ళో కూర్చోబెట్టుకున్నందుకు విడిగా రుసుము ఉంటుంది. "రెండేళ్ళలోపు ఫ్లైట్ ఫ్రీ" అన్నది మా తోడల్లుడి మరో ఆణిముత్యం.

మాలా లాలాపేట్‌లో ఉంటే ఇంకో చిక్కు. చుట్టూ రైల్వే ఉద్యోగులు, వర్క్‌షాపువాళ్ళు. వాళ్ళకు ఉచిత పాసులు, రాయితీ టికెట్ల పీటీవోలు. కింది వాటావాళ్ళు ఏటా తీర్థయాత్రకు పాసు రాయించుకుంటుంటే, పై వాటాలో నేను ఛార్జీల పట్టిక ముందేసుకుని కూర్చుంటాను. పైగా 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ వచ్చాక కొన్ని రైళ్ళు అక్కడినుంచే. సికింద్రాబాద్ స్టేషనుకు 150తో పోయే ఆటో చర్లపల్లికి తెల్లవారుజామున నోటికొచ్చింది అడుగుతుంది. ఇద్దరు పిల్లలు, మూడు సంచులతో బేరమాడే ఓపిక ఎవరికుంటుంది? అందుకే మేం బుక్ చేసేముందు రైలు ఎక్కడినుంచి బయల్దేరుతుందో చూసుకుంటాం, ఛార్జీ తర్వాత.

ఇక మా సూర్యలంక లెక్క. బాపట్లనుంచి తొమ్మిది కిలోమీటర్లు, హైదరాబాద్‌కు దగ్గరి సముద్రాల్లో ఒకటి. ఆంధ్రా టూరిజంవాళ్ళ హరిత రిసార్టు ఒడ్డునే ఉంది, ప్రైవేటువీ ఉన్నాయి. పగటి రైలు, థర్డ్ ఏసీ, బెర్తుకు 650 వేసుకోండి. మాకు రెండు బెర్తులు చాలు, కానీ మూడు తీసుకున్నాం. పెద్దదానికి బెర్తు అక్కర్లేదని ఆదా చేస్తే ఇద్దరు పిల్లలూ మధ్యాహ్నం మా ఒళ్ళోనే నిద్రపోతారు. దిగేసరికి మా కాళ్ళు మావి కావు, మొదటిరోజంతా చిరాకు. రానూపోనూ ఆ 1,300 నేను ఏ మాత్రం బాధపడకుండా పెట్టిన డబ్బు. మొత్తం రైలుకు 3,900. ఇంటినుంచి స్టేషనుకు ఆటో రెండువైపులా 300. బాపట్లనుంచి సముద్రానికి, తిరిగి స్టేషనుకు 600. వారం మధ్యలో కాబట్టి గది 3,000కే దొరికింది. 2025 సెప్టెంబరు 22నుంచి 7,500 వరకు ఉన్న గదులమీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది కదా, కాబట్టి 3,150. మూడు రాత్రులకు 9,450. పాత పన్నయితే ఇంకో 630 పోయేది. తిండికి రోజుకు 1,500 చొప్పున 4,500. మొత్తం 18,750.

తిండి ఇంత తక్కువకు తేలడానికి కారణం మా ఆవిడ. బియ్యం, పెసరపప్పు దోరగా వేయించి, కాస్త జీలకర్ర వేసి, రవ్వలా పట్టించిన ఉగ్గు డబ్బా, ఒక కరెంటు కెటిల్, నెయ్యి సీసా. హోటల్లో పిల్లల కోసం తెప్పించిన ప్లేటు మీలో ఎవరైనా చూసే ఉంటారు. రెండు ముద్దలు తిని, మిగతాది బల్లమీద ముగ్గు. ఆ ప్లేటు 180. రోజుకు మూడు పూటలు, ఇద్దరు పిల్లలు. ఆ గుణకారం ఇక్కడ వెయ్యను. డైపర్లు కూడా ఇంటినుంచే. ఒడ్డున దుకాణంలో ఒక్కోటి విడిగా అమ్ముతారు, ధర అడగకపోవడం మంచిది.

చూశారుగా, క్లబ్బువాళ్ళకు ఏడాదికి ఊరికే పోయే 41,459తో ఇలాంటి ప్రయాణాలు రెండు చేసి, ఇంకా 3,959 మిగుల్చుకోవచ్చు. ఈ లెక్క కాగితంమీద రాసి వాట్సాప్‌లో కుటుంబం గ్రూపులో పెట్టాను. మామగారు బొటనవేలు పెట్టారు. మా తోడల్లుడు చూసి ఊరుకున్నాడు.

పిల్లలకు కావలసిందేమిటో మాకు సూర్యలంకలోనే బోధపడింది. పెద్దది సముద్రాన్ని పెద్దగా పట్టించుకోలేదు. ఇసుకలో ఎండ్రకాయల బొరియలు చూసింది. టీ కప్పుతో నీళ్ళు తెచ్చి ఒక్కో బొరియలో పోసి, "ఇంట్లో ఎవరూ లేరా?" అని అడగడం, పక్క బొరియ దగ్గరికి పోవడం. పొద్దున్నుంచి అదే పని. చిన్నవాడికి రైల్లో బెర్తు పక్కన దీపం స్విచ్చి దొరికింది, వాడికంతకన్నా సంబరం లేదు. నాలుగు ఊళ్ళు, ఆరు 'పాయింట్లు' తిప్పే ప్యాకేజీ వాళ్ళకు శిక్షే. చంటిపిల్లలతో డబ్బు కరిగేది ఉన్నచోట కాదు, కదిలిన ప్రతిసారీ: కారు, మోత, అలసట, ఏడుపు, ఆ ఏడుపు ఆపడానికి కొనే చెత్త. ఒక్క ఊరు, ఒక్క గది, మధ్యాహ్నం నిద్ర. వాళ్ళ ఓపిక ఎంతో తెలుసుకోవడానికి కూడా డబ్బు అక్కర్లేదు. ఆదివారం సాయంత్రం ఉస్మానియా యూనివర్సిటీకి నడిపించుకుపోతే చాలు. 1939లో నిజాం ప్రారంభించిన ఆర్ట్స్ కాలేజీ భవనానికి మా పెద్దది ఇచ్చిన విలువ దాని మెట్లకే. ఎక్కుతుంది, దిగుతుంది. ఎన్నిసార్లకు "ఎత్తుకో" అంటుందో అదే దాని సామర్థ్యం, ప్రయాణ పథకం దాన్నిబట్టి వేసుకోవాలి.

ఈమధ్య ఒక వింత జరిగింది. తోడల్లుడు ఫోను చేశాడు. "తమ్ముడూ, ఈ ఏడు మా వారం మిగిలిపోయింది. పిల్లకు పరీక్షలు, మేం వెళ్ళలేం. కూర్గులో గది. మెయింటెనెన్స్ 15,435 అయింది, సగం నువ్వు పెట్టుకుంటే చాలు." సగం అంటే 7,717. ఏడు రాత్రులకు రాత్రికి 1,102. నిజం చెప్పాలంటే మంచి బేరమే. నా నోట్లో నీళ్ళూరాయి. కానీ కూర్గుకు రైలు లేదు. మైసూరు దాకా రైలు, అక్కడినుంచి ఘాటు రోడ్డుమీద కారు, మా చిన్నవాడికి కారు ఎక్కగానే వాంతి. అతిథుల్ని పంపితే క్లబ్బుకు విడిగా ఏదైనా రుసుము ఉందా అనడిగాను. "కనుక్కుని చెప్తా" అన్నాడు, ఆ గొంతులో పాత దర్జా లేదు. నేనూ పాత మాట ఎత్తలేదు. ఎత్తాలని మాత్రం బాగా అనిపించింది.

మేమిప్పుడు నాగార్జునసాగర్ అనుకుంటున్నాం. ఆర్టీసీ ఎక్స్‌ప్రెస్‌లో 150 కిలోమీటర్ల దారి, ఒక రాత్రి బస, బుద్ధవనం, పిల్లలు ఓపికగా ఉంటే నాగార్జునకొండకు లాంచీ. 2023 డిసెంబరు 9నుంచి మహాలక్ష్మి పథకం కింద ఆడవాళ్ళకు జీరో టికెట్టు కాబట్టి, పిల్లలకు ఎలాగూ లేదు కాబట్టి, ఇంటిల్లిపాదికీ కలిపి టికెట్టు కొనేది నేనొక్కణ్ణే అని లెక్క వేశాను. తీరా చూస్తే మా ఆవిడ ఆధార్‌లో ఇంకా నంద్యాల అడ్రసే ఉంది. తెలంగాణ అడ్రసు లేకపోతే కండక్టరు టికెట్టు కొట్టేస్తాడు. మార్చుకోవడానికి 75 రూపాయలు. సాగర్‌కు ఒక్కవైపు ఛార్జీలోనే అది తిరిగొచ్చేస్తుంది. ఈ శనివారం తార్నాక వెళ్ళి ఆ పని చూడాలి.